మా ఇంట్లోనే ఎందుకొచ్చింది? అరుదైన వంశపారంపర్య జబ్బుల జన్యు కారణాలపై విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అరుదైన వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాల వివరాలు రాసుకోవడం, వాళ్ల జన్యు పరీక్షల రిపోర్టులు చదివి అర్థమయ్యేలా చెప్పడం విశాఖపట్నంలో నేను చేసే పని. బొబ్బిలి నుంచి బస్సెక్కి వచ్చినా, పాడేరు ఘాట్ దిగి వచ్చినా, గాజువాక నుంచి ఆటోలో వచ్చినా అందరూ అడిగేవి దాదాపు ఇవే. కిటకిటలాడే ఓపీలో వీటన్నిటికీ జవాబు చెప్పే తీరిక డాక్టర్లకు దొరకదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ బిడ్డకు ఏం చేయాలన్నది మాత్రం బిడ్డను స్వయంగా చూసిన డాక్టరే చెప్పాలి.

అరుదైన జబ్బు అంటే ఎంతమందిలో ఒకరికి రావాలి?

ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. యూరప్‌లో 2,000 మందిలో ఒకరికి మించకపోతే అరుదైనదంటారు. అమెరికాలో దేశం మొత్తం మీద 2 లక్షల మంది కంటే తక్కువ మందికి ఉండాలి. మన దేశం 2021లో తెచ్చిన జాతీయ విధానంలో అలాంటి అంకె పెట్టలేదు, చికిత్స తీరును బట్టి జబ్బులను మూడు గ్రూపులు చేశారు. ప్రపంచంలో ఇలాంటి జబ్బులు 6,000కు పైగా ఉన్నాయి. వాటిలో 70 శాతానికి పైగా జన్యువుల్లో మార్పు వల్ల వచ్చేవే.

మా పుట్టింటి వైపు ఎవరికీ లేదు, ఆయన వైపూ ఎవరికీ లేదు. మరి ఇది వంశపారంపర్యం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న అడగని కుటుంబం లేదు. మనలో దాదాపు 20,000 జన్యువులుంటాయి. చాలావాటికి రెండేసి కాపీలు, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటార్లు రెండుంటే ఒకటి కాలిపోయినా ట్యాంకు నిండుతూనే ఉంటుంది, కాలిపోయిన సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు. అలాగే ఒక కాపీ పనిచేయకపోయినా మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటివాళ్లను క్యారియర్లు అంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యువుకు క్యారియర్లయితే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు రెండు పాడైన కాపీలూ వచ్చే అవకాశం 25 శాతం. తరతరాలుగా బయటపడకుండా నడిచిన మార్పు మీ ఇంట్లో మొదటిసారి కనిపించిందంటే కారణం ఇదే కావచ్చు.

రెండో దారి ఎక్స్ క్రోమోజోమ్‌ది. క్రోమోజోములంటే జన్యువులుండే పోగులు. ఎక్స్ అనేది మగవాళ్లలో ఒకటే, ఆడవాళ్లలో రెండు ఉంటాయి. డుషేన్ కండరాల క్షీణత, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా ఇలా వస్తాయి. తల్లి క్యారియరైతే ఒక్కో మగబిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగం. ఆడపిల్లలకు రెండో ఎక్స్ అండగా ఉంటుంది కాబట్టి సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు, కానీ వాళ్లలో సగం మంది క్యారియర్లు అవుతారు.

మూడోది, తల్లిదండ్రులిద్దరిలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా పుట్టడం. ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వచ్చే ప్రాణాంతక జబ్బుల్లో దాదాపు మూడో వంతు కేసులు ఇలా కొత్తగా వచ్చినవే ఉంటాయని బ్రిటన్ జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1935లోనే హిమోఫిలియా మీద పనిచేస్తూ లెక్కగట్టారు. ఆయన తర్వాత భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక మేరకే ఆయన దేహాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మన తీరానికి ఈ శాస్త్రంతో ఇంత దగ్గరి సంబంధం ఉందని ఇక్కడి పిల్లలకు చెప్పాలనిపిస్తుంది.

గ్రహణం పూట బయట తిరిగాననీ, ఐరన్ మాత్రలు సరిగా వేసుకోలేదనీ ఇంట్లో అంటున్నారు. తప్పు నాదేనా?

కాదమ్మా. గ్రహణానికీ జన్యువుకూ ఏ సంబంధమూ లేదు. ఐరన్ మాత్రలు తల్లి ఆరోగ్యానికి కావాలి, కానీ అవి మానేస్తే డుషేన్ రాదు, వెన్నుపూస కండరాల క్షీణత రాదు.

పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి. చాలామటుకు వాటివల్ల ఏ హానీ ఉండదు. వాటిలో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచి వస్తాయి, తండ్రి వయసు పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి. తండ్రులను నిందించడానికి ఇది రాయడం లేదు. దీనిలో ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదని చెప్పడానికే. తెలిసో తెలియకో మనమందరం ఏవో కొన్ని జబ్బులకు క్యారియర్లమే.

రిపోర్టు చెప్పే రోజు భార్యాభర్తలతో పాటు అత్తమామలను కూడా రమ్మంటాను. "తల్లి క్యారియర్" అన్న ఒక్క మాట పట్టుకుని కోడలిని పుట్టింటికి పంపేసిన ఇళ్లు ఉన్నాయి. ఆ మార్పు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు, ఆమెకూ ఎవరినుంచో వచ్చిందే, లేదా ఆమెలోనే కొత్తగా పుట్టిందే. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట డాక్టరు నోట నేరుగా వింటే ఆ ఇల్లాలికి కాస్త ఊపిరి ఆడుతుంది. మీ డాక్టరును కూడా పెద్దల ఎదుటే ఒకసారి వివరించమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

మాది మేనరికం. అందుకే వచ్చిందా?

అందుకే అని ఒక్క మాటలో చెప్పలేం. ఏ దంపతులకైనా తీవ్రమైన పుట్టుకతో వచ్చే సమస్యలున్న బిడ్డ పుట్టే అవకాశం 2 నుంచి 3 శాతం ఉంటుంది. మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే అది దాదాపు రెట్టింపవుతుంది. మేనమామను చేసుకుంటే ఇంకా పెరుగుతుంది. మేనమామ, మేనకోడలు జన్యువుల్లో నాలుగో వంతు పంచుకుంటారు, మేనబావ మరదళ్లు ఎనిమిదో వంతు. ఒకే తాత నుంచో అవ్వ నుంచో వచ్చిన పాడైన కాపీ రెండు వైపుల నుంచీ బిడ్డను చేరే వీలు అలా ఏర్పడుతుంది. అయినా మేనరికం చేసుకున్నవాళ్లలో చాలామందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. ఎక్స్ క్రోమోజోమ్ జబ్బులకూ, కొత్తగా పుట్టిన మార్పులకూ మేనరికంతో సంబంధం లేదు. కాబట్టి కారణం తేలకముందే పెళ్లి మీద తోసేయడం తొందరపాటు.

పరిశోధన వైపు నుంచి మరో మాట. 1987లో శాస్త్రవేత్తలు ఎరిక్ లాండర్, డేవిడ్ బాట్‌స్టీన్ ఒక పద్ధతి చూపించారు. దగ్గర సంబంధాల్లో పుట్టిన బిడ్డ డీఎన్ఏలో తల్లి వైపు ముక్క, తండ్రి వైపు ముక్క అచ్చం ఒకేలా ఉన్న చోట్లు పొడవుగా కనిపిస్తాయి. జబ్బుకు కారణమైన జన్యువు సాధారణంగా ఆ చోట్లలోనే దాగి ఉంటుంది. అంటే డీఎన్ఏలోని మూడు వందల కోట్లకు పైగా రసాయన అక్షరాల్లో వెతకాల్సింది కొద్ది భాగానికి తగ్గిపోతుంది. అందుకే మీది మేనరికమైతే దాచకండి. సిగ్గుపడి "బయట సంబంధమే" అని చెబితే వెతుకులాట దారి తప్పుతుంది. ఆంధ్రలో మేనరికాల మీద 1960ల్లోనే ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ అధ్యయనాలు చేశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు, హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసినవారే.

మాది బయట సంబంధమే, ఊళ్లు కూడా వేరు. అయినా ఇద్దరం క్యారియర్లమని వచ్చింది. ఎలా?

ఊళ్లు వేరైనా ఒకే సామాజిక వర్గంలో పెళ్లిళ్లు తరతరాలుగా జరుగుతూ వచ్చి ఉంటే, చాలా వెనకటి ఒక పూర్వీకుడి మార్పు ఇద్దరిలోనూ ఉండొచ్చు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా వర్గాలను పరిశీలించాయి. వాటిలో 81 వర్గాల్లో ఇలా కొద్దిమంది పూర్వీకుల మార్పులే అందరిలో మిగిలిపోయే ప్రభావం చాలా బలంగా ఉందని, ఫిన్లాండ్ ప్రజల్లో కంటే, అష్కెనాజీ యూదుల్లో కంటే ఎక్కువని తేల్చాయి. ఉదాహరణకు తెలుగు ప్రాంతపు వైశ్యుల్లో బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో దానివల్ల ఏ కష్టమూ ఉండదు. కానీ ఆపరేషన్‌లో కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తే కండరాలు చాలాసేపు తేరుకోవు, ఊపిరి యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. బంధువుల్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత అలా అయిందని విన్నవాళ్లు మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇందులో ఏ కులానికీ చిన్నతనం లేదు. ప్రతి వర్గానికీ తనదైన మార్పులు కొన్ని ఉంటాయి. మా కులం ఎందుకు అడుగుతున్నారని కొందరు నొచ్చుకుంటారు. మేం అడిగేది ఇందుకే.

వంశవృక్షం గీయడానికి గంటసేపు అడుగుతారెందుకు? రక్తం తీసుకుంటే సరిపోదా?

నా మట్టుకు నాకు మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనది ఈ గంటే. డీఎన్ఏ చదివితే ఒక్కో మనిషిలో వేలల్లో మార్పులు కనిపిస్తాయి. వాటిలో ఏది జబ్బు తెచ్చిందో మిషన్ చెప్పలేదు. మగపిల్లలకే వస్తోందా, తల్లి వైపు మేనమామలకు ఉందా, ప్రతి తరంలోనూ కనబడుతోందా, అన్నదమ్ముల్లో ఇద్దరికి వచ్చి తల్లిదండ్రులు బాగున్నారా అన్నది తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

వచ్చే ముందు ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమె పక్కన కూర్చుని రాసుకోండి. నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త, వీళ్లకే అన్నీ గుర్తుంటాయి. కనీసం మూడు తరాలు కావాలి. ప్రతి ఒక్కరికీ ఎంతమంది పిల్లలు, ఎవరికి ఏ వయసులో ఏం మొదలైంది, ఎవరు ఎప్పుడు పోయారు అని అడగండి. పుట్టిన వెంటనే పోయినవాళ్లను, పోయిన గర్భాలను, చనిపోయి పుట్టినవాళ్లను లెక్కలోంచి వదిలేస్తుంటారు. వాళ్లూ కావాలి. "వాడికి పోలియో అన్నారు", "దానికి గాలి సోకింది", "చిన్నప్పట్నుంచీ చూపు ఆనేది కాదు" అన్న మాటలను మీరు సరిదిద్దకుండా అలాగే రాయండి. పోలియో అనుకున్నది కండరాల జబ్బయి ఉండొచ్చు. ఎవరు ఎవరికి మేనరికం ఇచ్చారో, ఇంటిపేరేమిటో, మొదటి ఊరేదో కూడా రాస్తే ఇంకా మంచిది. వేర్వేరుగా వచ్చిన రెండు కుటుంబాలు చీపురుపల్లి దగ్గర ఒకే ఊరివాళ్లని వంశవృక్షంలో బయటపడితే వెతుకులాట ఒక్కసారిగా సులువవుతుంది.

పాత ఫొటోలు తెండి. పెళ్లి వీడియోలో మేనమామ నడిచిన తీరు చూసి కూడా డాక్టర్లకు ఎంతో తెలుస్తుంది.

ఇంట్లో ఎవరైనా పెంపకానికి వచ్చినవారున్నా, అందరి ముందూ చెప్పలేని విషయమున్నా విడిగా చెప్పండి. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి డీఎన్ఏ కలిపి చూసేటప్పుడు అలాంటివి బయటపడతాయి. అందుకే ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్నది రక్తం తీయకముందే మాట్లాడుకుంటాం.

వంశపారంపర్యం అనగానే ఎక్సోమ్ పరీక్ష చేయించాలా?

అక్కర్లేదు. ఎక్సోమ్ అంటే డీఎన్ఏలో ప్రొటీన్లు తయారుచేసే భాగమంతా చదివే పరీక్ష, దాని వివరం కింద రాశాను. జబ్బును బట్టి పరీక్ష. అరకు, పాడేరు వైపు కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్‌కు మామూలు రక్త పరీక్షలు చాలు, దానికి ఏ జన్యువో 70 ఏళ్ల కిందటే తెలుసు. వెన్నుపూస కండరాల క్షీణతకు ఎస్ఎంఎన్1 జన్యువును విడిగా చూడాలి, మామూలు ఎక్సోమ్‌లో అది తప్పిపోవచ్చు. డుషేన్ అనుమానముంటే మొదట జన్యువు ముక్కలను లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష చేయిస్తారు, ఎందుకంటే ఆ జబ్బుకు మూలమైన డిస్ట్రోఫిన్ జన్యువులో ముక్కలు ఊడిపోవడం, రెండింతలవడం వల్లే ఎక్కువ కేసులు వస్తాయి. అందులో దొరక్కపోతే అప్పుడు జన్యువును అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్.

డుషేన్ గురించి ఒక్క విషయం అందరూ తెలుసుకోవాలి. మూడు నాలుగేళ్ల మగబిడ్డ మెట్లెక్కడానికి తడబడుతున్నాడు, నేలమీంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనిస్తున్నాడు, పిక్కలు లావుగా ఉన్నాయి. రక్త పరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువగా వస్తే కామెర్లో, లివర్ జబ్బో అనుకుని నెలల తరబడి మందులు, పసర్లు వాడేస్తారు. ఆ రెండూ కండరం దెబ్బతిన్నా పెరుగుతాయి. కండరం దెబ్బతింటే పెరిగే సీపీకే పరీక్ష ఒకటి రాయించుకుంటే అది వేలల్లో వస్తుంది, సంగతి అక్కడే తెలిసిపోతుంది.

విశాఖలో ఎక్కడికెళ్లాలి? హైదరాబాద్ తప్పదా?

మొదటి అడుగు ఇక్కడే వేయొచ్చు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో పిల్లల విభాగం, న్యూరాలజీ విభాగం ఉన్నాయి. చూపుకు సంబంధించిన వంశపారంపర్య జబ్బులకు హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగం ఉంది. బడిలో, అంగన్‌వాడీలో పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందాలు అనుమానమున్నవాళ్లను పెద్దాసుపత్రికి పంపుతాయి.

కేసు జటిలమైతే, లేదా జాతీయ విధానం కింద సాయం కావాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందే. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షలు, పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. ఈ రెండూ కలిసి మన తెలుగు ప్రాంతానికి అరుదైన వ్యాధుల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా పనిచేస్తున్నాయి. రాత్రి రైలుకు వెళ్లి మర్నాడు ఓపీ చూపించుకుని మళ్లీ రాత్రి రైలుకు వచ్చేవాళ్లే ఎక్కువ. నడవలేని బిడ్డతో ఆ ప్రయాణం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇక్కడ చేయగలిగిన పరీక్షలన్నీ చేయించుకుని, ఫైలు సర్దుకుని, అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకున్నాకే బయల్దేరండి.

ఎక్సోమ్‌లో అసలేం చేస్తారు?

మన డీఎన్ఏలో ప్రొటీన్లు తయారుచేసే భాగం 2 శాతం లోపే. తెలిసిన జబ్బుల మార్పుల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి కాబట్టి ముందు ఆ భాగాన్ని చదువుతారు. 2010లో మిల్లర్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బుకు ఇలా చదివే కారణం కనిపెట్టారు. అప్పట్నుంచి ప్రపంచమంతా ఇదే దారి పట్టింది.

చదివాక అసలు పని మొదలవుతుంది. ఆరోగ్యవంతుల్లో తరచుగా కనిపించే మార్పులను ముందు తీసేయాలి. దానికి మనవాళ్ల డీఎన్ఏ వివరాలు కావాలి. పాశ్చాత్యుల్లో కనిపించని మార్పు మనలో మామూలుదే అయి ఉండొచ్చు. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన ఒక మార్పు దక్షిణాసియావాసుల్లో వందకు సుమారు నలుగురిలో ఉందని 2009లో సీసీఎంబీ నేతృత్వంలోని బృందం చూపించింది. యూరప్ డేటా మాత్రమే ముందు పెట్టుకుంటే అది అరుదైనదిగానే కనబడుతుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద 10,000 మంది భారతీయుల జీనోమ్‌లు, అంటే పూర్తి డీఎన్ఏ, చదివి, 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు తెరిచారు. మనలాంటి కుటుంబాలకు అది నిజంగా పెద్ద మేలు.

రిపోర్టులో వీయూఎస్ అని ఉంది. అది ఉన్నట్టా, లేనట్టా?

రెండూ కాదు. మార్పు కనబడింది, అది జబ్బు తెస్తుందో లేదో చెప్పడానికి ఇప్పటికి ఆధారాలు చాలవు అని అర్థం. 2015 నుంచి ప్రయోగశాలలు మార్పులను ఐదు తరగతులుగా రాస్తున్నాయి. జబ్బు కలిగించేవి, బహుశా కలిగించేవి, తేలనివి, బహుశా హాని లేనివి, హాని లేనివి. వీయూఎస్ మధ్యది.

దయచేసి వీయూఎస్‌ను నమ్ముకుని గర్భం తీయించుకోవడం, పెళ్లి సంబంధం వదులుకోవడం, చికిత్స ఆపేయడం లాంటివి చేయకండి. చేయాల్సింది, తల్లిదండ్రులకూ జబ్బున్న మిగతా బంధువులకూ అదే మార్పు ఉందా అని చూడటం. జబ్బున్న ముగ్గురిలోనూ ఉండి, ఆరోగ్యంగా ఉన్న అన్నదమ్ముల్లో లేకపోతే అనుమానం బలపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న తాతగారిలో కూడా రెండు కాపీలూ అలాగే ఉంటే ఆ మార్పును పక్కన పెట్టేయొచ్చు. ఇలా బంధువులకు చేసే పరీక్ష ఎక్సోమ్ కంటే చాలా చవక.

అప్పుచేసి పరీక్ష చేయించాం. ఏమీ దొరకలేదని వచ్చింది. ఇక ఇంతేనా?

బాధ అర్థమవుతుంది. ఎక్సోమ్ చేసినవాళ్లలో సగం మందికి పైగా ఇదే జవాబు వస్తుంది. జన్యు కారణం లేదని దాని అర్థం కాదు. కొన్ని రకాల మార్పులు ఎక్సోమ్‌కు సరిగా దొరకవు. ఫ్రీడ్రిక్ అటాక్సియాలో లాగా ఒకే మూడక్షరాలు పదేపదే వచ్చే మార్పులు, ప్రొటీన్ భాగం బయట ఉన్న మార్పులు అలాంటివి.

2024లో జరిగింది చూడండి. ఆర్ఎన్‌యూ4-2 అనే ఒక చిన్న జన్యువు ప్రొటీన్ తయారుచేయదు, కాబట్టి ఎక్సోమ్ దాని జోలికి పోదు. పూర్తి జీనోమ్‌లు చదివినవాళ్లు అందులోని మార్పు వల్ల ఎంతోమంది పిల్లల్లో ఎదుగుదల, మెదడు సమస్యలు వస్తున్నాయని కనిపెట్టారు. ఏళ్ల తరబడి "ఏమీ దొరకలేదు" అన్న రిపోర్టు పట్టుకు తిరిగిన ఇళ్లకు ఒక్కసారిగా జవాబు దొరికింది.

అందుకే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పాత డేటానే మళ్లీ చూడమని అడగాలి. మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు. రిపోర్టు కాగితమే కాకుండా అసలు డేటా ఫైళ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. బిడ్డలో కొత్త లక్షణం ఏదైనా మొదలైతే తేదీతో రాసిపెట్టుకోండి, అదే కొత్త ఆధారం కావచ్చు.

ఒక జన్యువే కారణమని చివరికి ఎలా తేలుస్తారు?

ఒక్క కుటుంబంలో కనబడితే చాలదు. మరో చోట, సంబంధం లేని మరో కుటుంబంలో అదే జన్యువు, అవే లక్షణాలు కనబడాలి. దీనికోసం డాక్టర్లు, శాస్త్రవేత్తలు జీన్‌మ్యాచర్ లాంటి వేదికల్లో జన్యువు పేరు పెడతారు. వేరే దేశంలో ఎవరైనా అదే పేరు పెట్టి ఉంటే ఇద్దరికీ మెయిల్ వెళ్తుంది. శ్రీకాకుళం బిడ్డకు తోడు బ్రెజిల్‌లో దొరకొచ్చు. ఆ తర్వాత కణాల్లోనో, జీబ్రా చేపల్లోనో, ఎలుకల్లోనో ఆ మార్పు పెట్టి చూస్తారు. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

రిసెర్చ్‌లో చేరితే డబ్బు కట్టాలా? ఫలితం మాకు చెబుతారా?

పరిశోధన కోసం చేసే పరీక్షకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా రిసెర్చ్ పేరు చెప్పి ఫీజు అడిగితే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి, ఒక కాపీ మీకివ్వాలి. ఏడేళ్లు దాటిన పిల్లలకైతే వాళ్లకూ అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మధ్యలో మానేయాలనిపిస్తే మానేయొచ్చు, దానివల్ల మీ బిడ్డ వైద్యం ఆగకూడదు.

సంతకం పెట్టకముందే మూడు సంగతులు అడగండి. కారణం దొరికితే మాకు చెబుతారా? ఈ జబ్బుతో సంబంధం లేకుండా, ఉదాహరణకు రొమ్ము క్యాన్సర్ ముప్పు లాంటిది కనబడితే చెబుతారా, అది మేం వద్దనుకోవచ్చా? మిగిలిన డీఎన్ఏను ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికిస్తారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పని చోట తొందరపడొద్దు.

మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఇది బయటికి తెలిస్తే?

ఈ భయం వల్లే చాలామంది సగంలో ఆగిపోతారు, వాళ్లను నేను తప్పుపట్టలేను. పరిశోధనలో శాంపిల్ మీద పేరుండదు, కోడ్ ఉంటుంది. వ్యాసాల్లో పేరు, ఊరు రాయరు. ఫొటో వేయాలంటే విడిగా మీ అనుమతి కావాలి. రిపోర్టును మీ అనుమతి లేకుండా బంధువులకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. మీరూ రిపోర్టు ఫొటోలను కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

అమ్మాయి క్యారియరా కాదా అన్నది 18 నిండాక ఆమె ఇష్టం. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకు క్యారియర్ పరీక్ష చేయమని ఏ మంచి కౌన్సెలరూ చెప్పరు. పరీక్ష చేయించుకుని క్యారియర్ అని తేలినా పెళ్లికి అది అడ్డు కాదు. రెండు కాపీలూ పాడైతేనే వచ్చే మామూలు రిసెసివ్ జబ్బయితే అబ్బాయికి కూడా అదే జన్యువు చూపించుకుంటే చాలు, అతను క్యారియర్ కాకపోతే పిల్లలకు ఆ జబ్బు రావడం దాదాపు ఉండదు. డుషేన్ లాంటి ఎక్స్ క్రోమోజోమ్ జబ్బయితే లెక్క వేరు, అప్పుడు గర్భానికి ముందే కౌన్సెలింగ్ అవసరం.

రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం. ఎప్పుడు రావాలి?

గర్భం రాకముందే. మొదటి బిడ్డలో మార్పు ఏదో పక్కాగా తెలిసి ఉంటేనే కడుపులోని బిడ్డకు దానిని చూడగలం. ఆ వెతుకులాటకే వారాలు పడుతుంది. మార్పు తెలిసి ఉంటే 11 వారాల తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసో, 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీరు తీసో పరీక్షిస్తారు. తల్లి రక్తంలో మార్పు లేదని వచ్చినా, అండాల్లో కొన్నిటిలో ఉండే అవకాశం కొద్దిగా ఉంటుంది, కాబట్టి డుషేన్ వచ్చిన ఇళ్లలో ఈ పరీక్ష వదిలేయొద్దు. నమోదైన సెంటర్లలోనే చేయించుకోండి. ఆడా మగా అన్నది చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, అడగొద్దు.

కారణం తెలిస్తే మందు దొరుకుతుందా?

కొన్నిటికి దొరుకుతుంది. గాషే జబ్బుకు ఎంజైమ్ ఇంజెక్షన్లు, విల్సన్ జబ్బుకు రాగిని బయటకు పంపే మందులు, వెన్నుపూస కండరాల క్షీణతకు జన్యువు మీదే పనిచేసే మందులు ఉన్నాయి. చాలా జబ్బులకు ఇంకా లేవు. అయినా కారణం తెలిస్తే అనవసరమైన పరీక్షలు ఆగుతాయి, గుండె ఎప్పుడు చూపించాలో, ఏ మందు వాడకూడదో తెలుస్తుంది.

ప్రభుత్వ సాయం ఏముంది?

2021 జాతీయ విధానం కింద, జాబితాలో ఉన్న జబ్బులకు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. మనకు ఆ దారి నిమ్స్ మీదుగానే. ఖరీదైన మందులకు ఆ డబ్బు ఎంతోకాలం రాదు, ఇది కుటుంబాలన్నీ ఎప్పట్నుంచో మొరపెట్టుకుంటున్న మాటే. కండరాల క్షీణత, హిమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోండి. పెన్షన్ సంగతి మీ సచివాలయంలో అడగండి.

మా బాబు పోయాడు. ఇప్పుడు కారణం తెలుసుకోవడం కుదురుతుందా?

కుదరొచ్చు. ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో బాబు రక్తం, డీఎన్ఏ, బయాప్సీ ముక్క ఏదైనా దాచి ఉందేమో ముందు వాకబు చేయండి, పారేయొద్దని రాసివ్వండి. ఏదీ లేకపోతే తల్లిదండ్రులిద్దరి డీఎన్ఏ చదివి, ఇద్దరూ ఒకే జన్యువుకు క్యారియర్లా అని చూస్తారు. తీవ్రంగా ఉన్న బిడ్డ విషయంలో డాక్టర్లు "డీఎన్ఏ దాచుకుందాం" అంటే ఆ మాట వినడానికి కూడా మనసొప్పదు. అయినా ఒప్పుకోండి. తర్వాత పుట్టే తమ్ముడికో చెల్లికో ఆ చిన్న ట్యూబే ఆధారమవుతుంది.

రక్తం ఇవ్వడానికి వచ్చే రోజు ఏం గుర్తుపెట్టుకోవాలి?

పరగడుపున రానక్కర్లేదు, బిడ్డకు తినిపించే తీసుకురండి. ఊదారంగు మూత ట్యూబులో రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు తీస్తారు. ఈమధ్య రక్తం ఎక్కించినా, ఎముక మజ్జ మార్పిడి జరిగినా తప్పకుండా చెప్పాలి, దాత డీఎన్ఏ కలిసి ఫలితం తారుమారవుతుంది. వీలైతే తల్లి, తండ్రి ఇద్దరూ రండి, ఒకేసారి ముగ్గురి శాంపిల్ వెళ్తే జవాబు దొరికే అవకాశం పెరుగుతుంది. తండ్రి గల్ఫ్‌లోనో షిప్పు మీదో ఉంటే సెలవు మీద వచ్చే తేదీ ముందే చెప్పండి, దానికి తగ్గట్టు పెట్టుకుందాం. పాత ఫైళ్లు, స్కాన్ ఫిల్ములు, ఆధార్, మీరు రాసుకున్న వంశ వివరాల కాగితం తెచ్చుకోండి. నాయనమ్మో అమ్మమ్మో రాగలిగితే వాళ్లనూ వెంట తీసుకురండి.